ఇంటి ఫోటోలో ఎంత వెలుతురు ఉండాలి?



బెంగుళూరులో బాడుగ ఇల్లు వెతకాలంటే ఒకప్పుడు చెప్పులు అరిగేదాకా వీధులు తిరగవలసి వచ్చేది. గేటుకు వేలాడే అట్టముక్క మీద ‘మనె బాడిగెగె ఇదె’ అని కన్నడంలోనో, ‘టు లెట్’ అని ఇంగ్లీషులోనో రాసి ఉండేది. అది చూసి, గేటు తట్టి, ఓనరుగారిని పలకరించి, లోపలికి వెళ్ళి, కిటికీ తలుపులు తెరిచి చూసుకునేవాళ్ళం. ఆ అట్టముక్కలు ఇప్పటికీ లేకపోలేదు. కానీ కొడుక్కి బెంగుళూరులో ఉద్యోగం వచ్చిందంటే, బళ్ళారిలోనో పావగడలోనో ఉన్న తండ్రి బస్సెక్కక ముందే ఫోనులో పది ఇళ్ళు చూసేస్తున్నాడు. 99 ఎకర్స్ వంటి వెబ్‌సైటు 2005 నుంచి ఉంది. మధ్యలో బ్రోకరు లేకుండా ఓనరే నేరుగా ప్రకటన ఇచ్చుకునే నోబ్రోకర్ 2014లో మొదలైంది. చూసిన పది ఇళ్ళలో ఎనిమిదింటిని ఆ తండ్రి వేలితో పక్కకు తోసేస్తాడు. దేన్ని చూసి? ఫోటోను చూసి.

అందుకని ఈరోజు ఇంటి ఫోటోల గురించి, అందులోనూ హెచ్.డి.ఆర్. అనే పద్ధతి గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. హెచ్.డి.ఆర్. అంటే హై డైనమిక్ రేంజ్. బాగా వెలుగున్న చోటునూ, బాగా చీకటిగా ఉన్న చోటునూ ఒకే బొమ్మలో కనబడేటట్టు చేయడం అన్నమాట. ఇల్లు బాడుగకిచ్చే వాళ్ళకు, ఇళ్ళ ఫోటోలు తీయడం జీవనోపాధిగా పెట్టుకుందామనుకునే యువకులకు, ఆ ఫోటో చూసి అడ్వాన్సు కట్టే వాళ్ళకు కూడా ఇందులో పని ఉంది.

మీ దగ్గర పాత కెమెరా ఏదైనా ఉంటే, పట్టపగలు మీ హాల్లో ఒక మూల నిలబడి కిటికీ వైపు ఒక ఫోటో తీసి చూడండి. గదిలో సోఫా, గోడ, బల్ల బాగా వచ్చాయంటే కిటికీ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటుంది. బయటి చెట్టు లేదు, ఆకాశం లేదు. పోనీ కిటికీలో చెట్టు కనబడేటట్టు తీస్తే గదంతా బొగ్గుల కొట్టులాగా వస్తుంది. మీ కంటికి మాత్రం రెండూ కనబడుతూనే ఉన్నాయి కదా! మరి కెమెరాకు ఏమొచ్చింది?

వెలుతురును లక్స్ అనే కొలతతో కొలుస్తారు. మధ్యాహ్నపు నేరు ఎండలో సుమారు 1 లక్ష లక్స్ ఉంటుంది. అదే సమయంలో కిటికీకి దూరంగా, గది లోపలి మూలలో 100 లక్స్ ఉంటే గొప్ప. వెయ్యింతల తేడా! ఫోటోలు తీసేవాళ్ళు ఈ తేడాను స్టాపుల్లో చెప్పుకుంటారు. వెలుతురు రెట్టింపైతే ఒక స్టాపు. దానికి మళ్ళీ రెట్టింపైతే రెండు స్టాపులు. చదరంగం గళ్ళలో వడ్లగింజల కథ మీకు తెలిసిందే. ఇదీ అట్లాగే పెరుగుతుంది. పదిసార్లు రెట్టిస్తే 1024 ఇంతలు. అంటే మన గదికీ కిటికీ బయటికీ మధ్య పది స్టాపుల దూరం ఉందన్నమాట. గదిలో నల్ల టీకు బీరువా ఒకటి, బయట ఎండలో తెల్లగోడ ఒకటి ఉంటే ఆ దూరం ఇంకా పెరుగుతుంది. కాగితం మీద అచ్చయ్యే బొమ్మలో ఆరేడు స్టాపులకు మించి పట్టవు. ఫోను తెర దానికంటే నయం, అయినా అది కూడా సూర్యుడిని చూపించలేదు కదా.

మన కన్ను తెలివైంది. కిటికీ వైపు చూసినప్పుడు పాప చిన్నదవుతుంది, మూల వైపు తిరిగితే పెద్దదవుతుంది. కన్ను చూసిన ముక్కలన్నీ మెదడు కుట్టి, ఒకే గదిగా మనకు చూపిస్తుంది. అంటే మన కన్ను చేసేదే ఒక విధంగా హెచ్.డి.ఆర్. కెమెరాకు ఆ తిరుగుడు లేదు. ఒకసారి కన్ను తెరిచి మూస్తుంది, అంతే.

ఈ చిక్కు ఫోటోగ్రఫీ అంత పాతది. ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే అనే ఆయన 1850ల నడుమ సముద్రపు ఫోటోలు తీస్తూ, ఆకాశానికి ఒక నెగెటివ్, నీళ్ళకు ఒక నెగెటివ్ వేరువేరుగా తీసి, రెండింటినీ ఒకే కాగితం మీద అచ్చువేశారు. ఇప్పటి కంప్యూటరు పద్ధతికి గట్టి పునాది పడింది మాత్రం 1997లో. అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ డెబెవెక్, కాన్పూరు ఐ.ఐ.టి.లో చదువుకుని అక్కడికి వెళ్ళిన జితేంద్ర మాలిక్, వీరిద్దరూ కలిసి ఒక పరిశోధన పత్రం ప్రకటించారు. ఒకే దృశ్యాన్ని తక్కువ వెలుతురుతో, ఎక్కువ వెలుతురుతో పలుమార్లు తీస్తే, ఆ ఫోటోల నుంచి అక్కడ నిజంగా ఎక్కడ ఎంత వెలుగుందో లెక్కకట్టవచ్చునని చూపించారు. ఆ తర్వాత 2007లో మెర్టెన్స్, మరి ఇద్దరు కలిసి ఇంకొక తేలిక దారి చెప్పారు. లెక్కలన్నీ కట్టకుండానే, ఏ ఫోటోలో ఏ భాగం బాగా వచ్చిందో అది మాత్రం ఏరి కలిపేయడం. దీన్ని ఎక్స్‌పోజర్ ఫ్యూజన్ అంటారు. ఇళ్ళ ఫోటోలకు నా మటుకు నాకు ఈ రెండోదే నచ్చుతుంది. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

సరే, పనిలోకి వద్దాం. ఇంటి ఫోటోకు ముందు కావలసింది చీపురు, తర్వాతే కెమెరా. గడప దగ్గర చెప్పులు, సింకులో గిన్నెలు, కుర్చీ మీద తువాలు తీసి పక్కన పెట్టండి. గోడ మీద కుటుంబం ఫోటోలు, పేర్లున్న కవర్లు, మందుల చీటీలు, మేకుకు తగిలించిన తాళంచెవులు, ఇవన్నీ కూడా తీసేయాలి. ఊరంతా చూసే ప్రకటనలో ఒకరి ఇంటి తాళంచెవి ఆకారం కనబడడం మంచిది కాదు. పూజగది తీయవలసి వస్తే ముందు ఇంటి ఇల్లాలిని అడగండి. వద్దంటే వద్దు. ఆ ఒక్క ఫోటో లేకపోయినంత మాత్రాన ఇల్లు బాడుగకు పోకుండా ఆగదు.

కెమెరాకు ట్రైపాడ్, అంటే మూడుకాళ్ళ స్టాండు, తప్పనిసరి. పలుమార్లు తీసే ఫోటోలు ఒకదాని మీద ఒకటి అచ్చంగా కూర్చోవాలి. వెంట్రుకవాసి కదిలినా కిటికీ చువ్వలు రెండేసి కనబడతాయి. కెమెరాను నేలకు నాలుగు, నాలుగున్నర అడుగుల ఎత్తులో పెట్టండి. మన కంటి ఎత్తులో పెడితే పైకప్పు ఎక్కువ, సామాను తక్కువ కనబడుతుంది. వంటింట్లో అయితే గట్టు పైభాగం కొద్దిగా కనబడేంత ఎత్తు చాలు. కెమెరా పైకీ కిందికీ వంగకూడదు. వంగిందంటే తలుపు చట్రాలు, గోడ అంచులు పడిపోతున్నట్టు వస్తాయి. మేస్త్రి తూకం గుండు వేసి నిలబెట్టిన గోడను ఫోటోలో మనం వంకర చేయడమెందుకు?

ఇక లోపలి అమరికలు. ఎపర్చర్, అంటే లెన్సు కంత, ఎఫ్ 8 దగ్గర పెట్టి కదపకండి. ఐ.ఎస్.ఓ. 100. ఫోకస్ ఒకసారి సరిచూసుకుని ఆటోమేటిక్ ఆపేయండి. రంగుల సమతూకం, వైట్ బ్యాలెన్స్ అంటారే, అది కూడా ఒకచోట కట్టేయండి. మారవలసింది ఒక్క షట్టరు వేగమే. ఫోటోకు ఫోటోకు మధ్య రెండు స్టాపుల తేడాతో ఐదు ఫోటోలు తీయాలి. ఉదాహరణకు, మామూలు వెలుతురున్న పడకగదిలో సెకండులో 125వ వంతు, 30వ వంతు, 8వ వంతు, అర సెకండు, చివరికి 2 సెకండ్లు. 125వ వంతులో తీసినదాంట్లో గది చీకటిగా ఉండి కిటికీ బయటి చెట్టు స్పష్టంగా వస్తుంది. 2 సెకండ్లదాంట్లో మంచం కింది నీడ దాకా కనబడుతుంది. బయట నేరు ఎండ పడి మెరుస్తుంటే 500వ వంతులో ఇంకొకటి తీసిపెట్టుకోండి. చాలా కెమెరాల్లో బ్రాకెటింగ్ అనే ఏర్పాటు ఉంటుంది. ఒకసారి నొక్కితే వరసగా అన్నీ తనే తీస్తుంది. వేలు తగిలి కెమెరా ఊగకుండా రెండు సెకండ్ల టైమరు పెట్టండి. రా అనే ఫార్మాటులో తీస్తే తర్వాత దిద్దుకోవడానికి సత్తా మిగులుతుంది.

ఫ్యాన్లు ఆపేయాలి. ఇది చిన్న మాటే గానీ, మన ఇళ్ళల్లో అందరూ మరచిపోయేది ఇదే. ఐదు ఫోటోల్లో ఫ్యాను రెక్క ఐదు చోట్ల ఉంటుంది. కలిపినప్పుడు పైకప్పు కింద ఏదో దయ్యం తిరుగుతున్నట్టు వస్తుంది. గాలికి ఊగే కర్టెన్లదీ ఇదే గొడవ. బీరువా అద్దంలో, టీవీ తెరలో, గ్రానైటు గట్టులో మీరూ మీ స్టాండూ కనబడుతున్నారేమో చూసుకోండి.

లైట్లు వేయాలా, ఆపాలా? పసుపు ఎల్.ఇ.డి. బల్బు వెలుతురు ఒక రంగు, కిటికీ నుంచి వచ్చే పగటి వెలుతురు ఇంకొక రంగు. రెండూ కలిస్తే ఒక గోడ పచ్చగా, ఇంకొక గోడ నీలంగా తేలుతుంది. పగటిపూట సాధ్యమైనంతవరకు లైట్లు ఆపే తీయమంటాను. దీనికి ఇంకొక కారణం కూడా ఉంది. మన కరెంటు సెకండుకు 50 సార్లు ఊగుతుంది, దాంతో నాసిరకం బల్బులు సెకండుకు 100 సార్లు మినుకుతాయి. షట్టరు వేగం ఎక్కువైతే ఆ మినుకు గోడమీద చారలుగా పడుతుంది. మరీ లైట్లు వేయాల్సివస్తే ఇంట్లో ఉన్నవన్నీ ఒకే రంగువి ఉండేటట్టు చూసుకోండి.

ఏ వేళకు తీయాలన్నది అన్నిటికంటే పెద్ద ప్రశ్న. ఎండ నేరుగా పడుతున్న కిటికీని తీయడానికి నానా అవస్థ పడేకంటే, ఎండ అవతలి పక్కకు పోయేదాకా ఆగడం మేలు. తూర్పు గదులు సాయంత్రం, పడమటి గదులు ఉదయం. ఉత్తరపు కిటికీలో ఎప్పుడూ ఎండ పడదు, మెత్తని వెలుతురే వస్తుందని ఇంగ్లీషు పుస్తకాలు చెబుతాయి. అది ఆ చలిదేశాల మాట. బెంగుళూరు భూమధ్యరేఖకు ఉత్తరంగా సుమారు 13 డిగ్రీల దగ్గర ఉంది. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు నడిమి దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం పక్కనే ఉంటాడు. ఆ నెలల్లో ఉత్తరపు కిటికీలోకీ ఎండ తొంగిచూస్తుంది. పుస్తకం పక్కనపెట్టి పంచాంగం చూసుకోండి.

ఇంటి ముందువైపు ఫోటోకు మాత్రం సంధ్యవేళను మించింది లేదు. సూర్యుడు అస్తమించాక పది నిమిషాల నుంచి ఇరవై నిమిషాల దాకా ఆకాశం నీలంగా ఉంటుంది, ఇంట్లో వేసిన దీపాల వెలుగూ ఆ ఆకాశపు వెలుగూ సరిసమానమవుతాయి. అప్పుడు ఈ ఐదు ఫోటోల తంటా కూడా అక్కర్లేదు. ఒక్కటి చాలు. కానీ మన ప్రాంతంలో సంధ్య ఎక్కువసేపు నిలబడదు. టీ తాగి వద్దామని వెళ్ళారంటే చీకటి పడిపోతుంది.

తీసిన ఫోటోలను కలిపే పని కంప్యూటరుది. లైట్‌రూమ్‌లో 2015 నుంచి ఈ సదుపాయం ఉంది. ఫోటోమ్యాటిక్స్ అంతకంటే పాతది. డబ్బు పెట్టలేని వాళ్ళకు ఎన్‌ఫ్యూజ్ అనేది ఉచితంగా దొరుకుతుంది, ఎక్స్‌పోజర్ ఫ్యూజన్ చేసేది ఇదే. కలపడం యంత్రం చేస్తుంది గానీ, ఎక్కడ ఆపాలో మనం చెప్పాలి. చీకటిని పైకి లేపే మీట, వెలుగును అణిచే మీట, గరుకుతనాన్ని పెంచే మీట ఉంటాయి. కొత్తగా నేర్చుకున్నవాళ్ళు మూడింటినీ చివరిదాకా తోసేస్తారు. అప్పుడేమవుతుంది? తెల్లగోడ బూడిద పూసినట్టు అవుతుంది. కిటికీ చుట్టూ దేవుడి పటంలో లాగా ఒక వెలుగు వలయం వస్తుంది. ఆకాశం నీలిమందు కలిపినట్టు ఉంటుంది. సోఫా గుడ్డమీద ప్రతి పోగూ కంట్లో గుచ్చుకుంటుంది. పూర్తిగా లెక్కకట్టే పద్ధతిలో ఈ అతి సులభంగా వస్తుంది. ఫ్యూజన్ పద్ధతి కాస్త మొండిది, ఎంత తోసినా అంత దూరం పోదు. అందుకే ఇళ్ళకు అదే మేలన్నాను. తెల్లగోడ తెల్లగా ఉండాలి. కిటికీ గది కంటే వెలుగ్గా ఉండాలి. ఈ రెండూ చెడకపోతే మిగతావి వాటంతటవే కుదురుతాయి.

కెమెరా లేదు, ఫోనే ఉంది అనేవాళ్ళు దిగులుపడనక్కర్లేదు. ఐఫోనులో 2010 నుంచి హెచ్.డి.ఆర్. ఉంది. ఇప్పటి ఫోన్లు మీరు అడక్కపోయినా, ఒక్క నొక్కులోనే నాలుగైదు ఫోటోలు గబగబా తీసి కలిపేస్తున్నాయి. మీరు చేయవలసిందల్లా లెన్సు తుడవడం, ఫోనును గోడకో కుర్చీకో ఆనించి నిటారుగా పట్టడం, తెరమీద కిటికీకీ గదికీ నడిమి చోటు ఒకటి చూసి వేలు పెట్టడం. సగం సున్నా అని రాసి ఉండే విశాలమైన లెన్సు ఉంటుంది చూడండి, దాన్ని మాత్రం ముట్టకండి. ఆ లెన్సులో పది అడుగుల గది పెళ్ళి మంటపం లాగా కనబడుతుంది. అంచుల్లో ఉన్న ఫ్రిజ్జు పక్కకు సాగిపోతుంది. చూడవచ్చిన మనిషి గుమ్మంలో నిలబడి ‘ఇంతేనా?’ అంటాడు. ఆ మాట పడడం కంటే ఉన్నదున్నట్టు రెండు మూలల నుంచి రెండు ఫోటోలు తీయడం నయం.

పాత ఇళ్ళ మాట వేరు. కోలారు, చిక్కబళ్ళాపురం పక్క పల్లెల్లో తొట్టి ఇళ్ళున్నాయి. మండువా అని కోస్తావాళ్ళనేది ఇలాంటిదే. నడుమ ఆకాశానికి తెరిచిన చదరం, చుట్టూ స్తంభాల వసారా, దాని వెనక గదులు. బళ్ళారి వైపు మట్టి మిద్దెల్లో కప్పులో ఒక కంత వదులుతారు, గవాచి అంటారు. గది మొత్తానికి అదే దీపం. ఈ ఇళ్ళను ఇప్పుడు హోంస్టేలకనీ, సినిమా షూటింగులకనీ బాడుగకిస్తున్నారు. ఫోటో తీసేవాడికి ఇంతకంటే కఠినమైన పరీక్ష లేదు. తొట్టిలో నేరు ఎండ, వసారాలో సగం నీడ, గదిలో చీకటి. ఏడు ఫోటోలు తీసినా చాలకపోవచ్చు. వాటిని కలిపి, గదిలో చీకటిని మొత్తం తోలేస్తే ఇల్లు స్పష్టంగా కనబడుతుంది గానీ ఆ ఇల్లు కనబడదు. గవాచి నుంచి దిగే వెలుగు స్తంభం చుట్టూ చీకటి ఉంటేనే అది గవాచి. లేకపోతే అది కప్పులో బొక్క. ఆ ఇళ్ళు కట్టినవాళ్ళు ఎండను బయట ఆపడానికే అంత మందం గోడలు పెట్టారు. వాళ్ళు కష్టపడి చేసిన నీడను మనం మీట తోసి చెరపకూడదు.

ఇక అసలు విషయానికి వస్తాను. నీడను చెరపడం పాత ఇంటి అందానికి సంబంధించిన మాట అయితే, కొత్త ఇంటి విషయంలో అది డబ్బుకు సంబంధించిన మాట. పక్క అపార్ట్‌మెంటు గోడ మూడడుగుల దూరంలో ఉన్న వెనక పడకగది ఉందనుకోండి. పగలు పన్నెండింటికీ లైటు వేయాల్సిందే. ఆ గదిని 2 సెకండ్లూ, 8 సెకండ్లూ షట్టరు తెరిచి తీసి కలిపితే, మైసూరు ప్యాలెస్ దర్బారు లాగా వెలిగిపోతుంది. అందులో ఒక్క వస్తువు కూడా మనం కొత్తగా పెట్టలేదు, ఒక్కటీ తీసేయలేదు. అయినా అది అబద్ధమే. ఆ ఫోటో నమ్మి ఒక కుటుంబం అడ్వాన్సు కడుతుంది. పది నెలల బాడుగ అడ్వాన్సుగా అడిగే అలవాటు ఈ ఊళ్ళో ఎంత కాలంగా ఉందో మీకు తెలుసు. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఇళ్ళకు రెండు నెలల అద్దెకు మించి తీసుకోకూడదంటుంది, కానీ అది నమూనా మాత్రమే. అడ్వాన్సు కట్టాక, సామాను దించాక, పిల్లవాడు పగలే లైటు కింద చదువుకుంటుంటే అప్పుడు తెలుస్తుంది.

వస్తువులు చెరిపే విషయంలో గీత గీయడం కష్టం కాదు. ఇల్లు మారేటప్పుడు మనిషితోపాటు పోయేవి, అంటే చెత్తబుట్ట, బకెట్టు, స్కూటరు, వీటిని ఫోటోలో చెరిపినా ఎవరికీ నష్టం లేదు. ఇంటితోనే ఉండిపోయేవి, గోడ చెమ్మ, పగులు, కిటికీ ఎదుటి కరెంటు తీగలు, వీటిని ముట్టకూడదు. ఒకసారి ఒక బ్రోకరుగారు, బాల్కనీ ఎదురుగా ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌ను తీసేసి ‘అక్కడొక చెట్టు పెట్టేయండి సార్’ అన్నారు నాతో. చెట్టు పెట్టడం ఇప్పుడు రెండు నిమిషాల పని. పెట్టలేదు. ఆ పని ఇంకెవరికో వెళ్ళింది.

కొత్తగా కట్టే అపార్ట్‌మెంట్లు అమ్మేవాళ్ళకు దీని మీద చట్టమే ఉంది. 2016 నాటి రెరా చట్టం 12వ సెక్షను ప్రకారం, ప్రకటనలోనో నమూనా ఫ్లాటులోనో చూపించినది తప్పని తేలి, దాన్ని నమ్మి డబ్బు కట్టినవాడు నష్టపోతే బిల్డరు పరిహారం ఇవ్వాలి. కొన్నవాడు వద్దనుకుంటే కట్టిన సొమ్ము వడ్డీతో తిరిగివ్వాలి. కానీ మన వీధిలో మూడో అంతస్తు వాటా బాడుగకిచ్చే వాళ్ళకు ఈ సెక్షను వర్తించదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 2026 జనవరి నుంచి ఒక నియమం పెట్టింది. అమ్మకపు ఫోటోలో కంప్యూటరుతో వస్తువులు చేర్చినా, తీసేసినా ఆ మాట చెప్పాలి, అసలు ఫోటో కూడా చూపాలి. వెలుతురు, రంగు సరిచేయడం లాంటి మామూలు దిద్దుబాట్లకు ఆ నియమం నుంచి మినహాయింపు ఇచ్చారు. చట్టం కూడా వెలుతురు దగ్గరకు వచ్చేసరికి ఫోటో తీసేవాడి మనస్సాక్షికే వదిలేసిందన్నమాట.

అందుకని ఈ వృత్తిలోకి వచ్చే యువకులకు నేను ఒక పని చెబుతాను. హెచ్.డి.ఆర్. కోసం ఎన్ని తీసినా, ప్రతి గదిలోనూ ఇంకొకటి తీయండి. లైట్లన్నీ ఆపి, ఇల్లంతటికీ ఒకే అమరికతో. హాల్లో సెకండులో 8వ వంతు పెట్టారా, వెనక పడకగదిలోనూ అదే, వంటింట్లోనూ అదే. గది చీకటిగా వచ్చినా రానివ్వండి. దీన్ని నేను సాక్షి ఫోటో అంటాను. ఓనరుకు ఇచ్చేది కాదు, మీకోసం. రాత్రి కంప్యూటరు ముందు కూర్చుని ఫోటోలు కలిపేటప్పుడు సాక్షి ఫోటోలన్నీ పక్కన వరసగా పెట్టుకోండి. హాలు అన్నిటికంటే వెలుగు, వంటిల్లు దానికంటే తక్కువ, వెనక గది బాగా తక్కువ అని అవి చెబుతాయి. మీరు దిద్దిన ఫోటోల్లో కూడా ఆ వరస తప్పకూడదు. వెనక గది కనబడాలి, అందులో కబోర్డు ఎక్కడుందో, మంచం ఎక్కడ పడుతుందో తెలియాలి. కానీ హాలు పక్కన పెట్టి చూస్తే అది చీకటి గది అని కూడా తెలియాలి. ఓనరుకు మొదట నచ్చకపోవచ్చు. ఇల్లు చూడవచ్చిన వాళ్ళు గుమ్మంలోంచే తిరిగిపోవడం తగ్గితే ఆయనకే లాభం. పదిమందికి తలుపు తీసే శ్రమ తప్పుతుంది.

ఫోటో చూసి ఇల్లు ఎంచుకునేవాళ్ళకు చివరగా కొన్ని మాటలు. కిటికీ, గది రెండూ ఒకే వెలుగులో ఉంటే అనుమానించండి. నిజమైన పగటి గదిలో కిటికీ ఎప్పుడూ ఒక మెట్టు పైనే ఉంటుంది. నీడలు చూడండి. కుర్చీ కాళ్ళ కింద నీడే లేకపోతే ఆ వెలుతురు కంప్యూటరు పోసినది. కిటికీలన్నింట్లో ఒకే నీలాకాశం కనబడితే అది అతికించినది కావచ్చు. ఫోటో అంచున ఉన్న వస్తువు సాగినట్టుంటే గది కొలత అడగండి, అడుగుల్లో. గోడమీద ఒక్క మరక కూడా లేకుండా పాలరాయిలాగా నున్నగా ఉంటే వానాకాలంలో చెమ్మ వస్తుందా అని నోరువిడిచి అడగండి. కావేరి నీళ్ళు వస్తాయా, బోరు నీళ్ళా అన్నది ఎంత మంచి ఫోటోలోనూ కనబడదు, అదీ అడగవలసిందే.

వెలుతురు గురించి అడిగేటప్పుడు ఇంకొక ఫోటో పంపమనకండి. ఫోను చీకటి గదిని కూడా తనంతట తానే వెలిగించి పంపుతుంది. వీడియో పంపినా అంతే. ఆ ఊళ్ళో మీకు తెలిసినవాళ్ళుంటే వాళ్ళను, లేకపోతే ఓనరుగారినే, ఉదయం పదకొండు గంటలప్పుడు ఆ పడకగదిలోకి వెళ్ళమనండి. లైటు ఆపి, తలుపు దగ్గరికి వేసి, మంచం పడేచోట నిలబడి, చేతిలో ఆనాటి వార్తాపత్రిక పట్టుకోమనండి. పెద్ద అక్షరాలు కాదు, లోపలి పేజీలో చిన్న అక్షరాల ప్రకటనలుంటాయే, వాటిల్లో ఒకటి ఫోనులో మీకు చదివి వినిపించమనండి.